చివరివాడి వెనక పరుగు

ఆ పటాలంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. ఏ రూలు పుస్తకమూ దాన్ని రాసిన పాపాన పోలేదు. అయినా పైనున్న కమాండరు మొదలుకొని వంటశాలలో గిన్నెలు తోమేవాడి దాకా అందరూ పాటించేవారు. పరుగు పరీక్షలో చివరివాడు ఒంటరిగా రాకూడదు. ఎంత నిదానస్తుడైనా సరే, వాడి వెనక పీటీ మాస్టారు ఉండాలి. చివరివాడు గీత దాటాక మాస్టారు దాటాలి. అప్పుడే పరుగు అయిపోయినట్టు.

పదకొండేళ్లుగా ఆ వెనక పరుగు మన మాస్టారిదే. ఆయనకీ ఓ పేరుండే ఉంటుంది గానీ, పటాలంలో దాన్ని వాడిన గుర్తు ఎవరికీ లేదు. మనిషి సన్నగా, నిటారుగా, ఎండిన కర్రలా ఉండేవాడు. మెడలో ఈల, కుడిచేతిలో స్టాప్ వాచీ, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట.

"ఒళ్లు అబద్ధాలకోరురా అబ్బాయిలూ! అది అయ్యో అంటే నమ్మకండి. పడిపోతానంటుంది, పడిపోదు. చచ్చిపోతానంటుంది, చావదు."

ఈ మాట విని పళ్లబిగువున పరుగెత్తినవాళ్లు కొన్ని వందలమంది. వాళ్లలో చాలామందికి అది పనికొచ్చింది కూడా. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పనికిరాని మాటైతే ఎవరూ నమ్మకపోదురు, చెప్పినాయన కూడా.

పరీక్షకి ముందురోజు మెడికల్ రూములో అందరికీ ఒక కాయితం ఇస్తారు. అందులో తొమ్మిది ప్రశ్నలు. ఛాతీలో నొప్పి ఉందా, మెట్లెక్కితే ఆయాసం ఉందా, కళ్లు తిరగడం ఉందా, ఇలాంటివి. ఒక్కోదానికీ ఉందనో లేదనో టిక్కు పెట్టాలి. కొత్తగా చేరిన సిపాయి ఎవడైనా పెన్ను పట్టుకుని ఆలోచనలో పడితే మాస్టారు వెనక నుంచి గదమాయించేవాడు. "ఏంట్రా ఆ దీర్ఘాలోచన? అదేమన్నా లెక్కల పరీక్షా? తొమ్మిదీ లేదు!"

తొమ్మిది లేదులు అన్నది అక్కడ పెద్ద జోకైపోయింది. భోజనాల దగ్గర ఇంకాస్త కూర వెయ్యనా అంటే "తొమ్మిది లేదులు" అని పళ్లానికి చెయ్యి అడ్డం పెట్టేవారు. అలా నవ్వుతూ నవ్విస్తూ అబద్ధానికి ధైర్యమని పేరు పెట్టి పంచిపెట్టిన మనిషి, ఇప్పుడు ఎనిమిది నెలలుగా దాంట్లోనే కాపురం ఉంటున్నాడు.

మొదటిసారి అది ఓ మామూలు పొద్దున వచ్చింది. కుర్రాళ్లకి తాడెక్కడం చూపించి కిందికి దిగాడు. ఛాతీ మధ్యలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. అక్కడి నుంచి ఎడమ భుజంలోకి, భుజం నుంచి దవడలోకి పాకింది. రెండు నిమిషాలుంది. ఆ తరవాత ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. ఇంకొకరైతే గ్యాసులే అనుకుని గ్లాసుడు నీళ్లు తాగి మరిచిపోయేవారు. మాస్టారికి ఆ అదృష్టం లేదు. ఆ భుజాన్ని ఆయన చిన్నప్పుడే చూశాడు.

వాళ్ల నాన్న లారీకి ఇటుకలెత్తే కూలీ. జన్మలో జ్వరమన్నది ఎరగని మనిషి. ఓ మధ్యాహ్నం లారీ పక్కన నిలబడి ఎడమ భుజం నిమురుకుంటూ, "ఇదేంట్రా, పట్టేసినట్టుంది" అన్నాడు. క్యారేజీ పట్టుకొచ్చిన కొడుకు "నొక్కనా నాన్నా" అంటూ దగ్గరికి వెళ్లేలోపే కూలబడిపోయాడు. నాన్నకి అప్పుడు నలభై నాలుగేళ్లు. తాడు దిగిన రోజుకి కొడుక్కి నలభై మూడేళ్ల నాలుగు నెలలు.

ఆ లెక్క వద్దు వద్దనుకుంటూనే వేసుకున్నాడు. ఇంకా ఎనిమిది నెలలు. 

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చుగా అంటారు మీరు. మీరూ నేనూ అయితే వెళ్తాం. ఆయన వెళ్లడు. వెళ్తే ముందు మెడలో ఈల తీసేసుకుంటారు. ఏ ఆఫీసులోనో కిటికీ పక్కన ఓ కుర్చీ వేసి కూర్చోబెడతారు. అదొక భయం. దానికన్నా పెద్దది ఇంకోటి. ఆ మాట డాక్టరమ్మ నోటితో అనేసిందంటే నిజమైపోతుంది. అననంతవరకు అది ఒట్టి భుజం నొప్పి. దుప్పటి నిండా ముసుగేసుకుంటే దయ్యానికి కనబడననుకునే పసివాడికీ ఈయనకీ తేడా లేకుండా పోయింది.

ఎడమవైపు తిరిగి పడుకోవడం మానేశాడు. స్టాప్ వాచీ చూస్తున్నట్టు నటిస్తూ మణికట్టు మీద రెండు వేళ్లు వేసి నాడి లెక్కపెట్టుకునేవాడు. తుమ్మొచ్చినా గుండె గుభేలుమనేది. పొద్దున లేవగానే మొట్టమొదట భుజాన్ని కదిపి చూసుకోవడం, ఏమీ లేకపోతే ఇవాళ్టికి గండం గడిచిందనుకోవడం. రోజూ ఇదే వరస.

ఇల్లు మూడో అంతస్తు క్వార్టరు. యాభై నాలుగు మెట్లు. ఇదివరకు రెండేసి మెట్లు దాటుకుంటూ వెళ్లిన మనిషి, ఇప్పుడు ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి బూటు లేసు కట్టుకునేవాడు. ముప్పై ఎనిమిదో మెట్టు దగ్గర రెండో బూటు లేసు. గ్రౌండులోనూ అంతే. రెండు చుట్లు తిరిగేసరికి లేసు ఊడేది. వంగి, తల దించుకుని, ఎవరికీ మొహం కనబడకుండా ఊపిరి కూడదీసుకునేదాకా ముడి వేస్తూనే ఉండేవాడు. "మాస్టారి లేసులకి ఎవరో దిష్టి పెట్టార్రా" అని కుర్రాళ్లు నవ్వుకునేవారు.

ఆయన భార్య ఇంట్లో మిషను పెట్టుకుని సిపాయిల చొక్కాలకి నంబరు పట్టీలు కుట్టేది. కుట్టే మనిషి కదా, ఎక్కడ దారం బిగిసిందో ఎక్కడ వదులైందో ఆవిడ కంటికి ఇట్టే దొరుకుతుంది.

"ఏమండీ, ఆ లేసులు ఎప్పుడూ రెండో అంతస్తు దగ్గరే ఊడతాయేం?"

"కొత్తవి. జారుతున్నాయి."

"ఒంట్లో బానే ఉందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. వాళ్ల ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ ఊరికే నోరు మూసుకున్న సందర్భం ఒక్కటీ లేదు. వారం తిరక్కుండా గుమ్మం పక్కన కొత్త బూట్ల జత కనబడింది. పరుగు బూట్లే, మంచివే. లేసులు మాత్రం లేవు, సాగే పట్టీ ఉంది. "మెట్ల మీద ఇంక వంగక్కర్లేదుగా" అంది మిషను మీంచి తలెత్తకుండానే.  గుట్టు తెలిసిపోయిందా, తెలిసి ఊరుకుందా అని మాస్టారికి అడగాలని ఉంది. అడిగితే ఆవిడ జవాబు చెబుతుంది, అదే భయం. ఆ బూట్లని మంచం కిందికి తోసేసి పాత లేసుల బూట్లతోనే వెళ్లేవాడు.

ఇంతకీ పటాలంలో ఇన్నాళ్లు ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఆ కట్టుబాటే. మాస్టారి టైము ఎవరూ రాయరు. చివరివాడి కోసం ఆయన కావాలనే నెమ్మదిగా వస్తాడని లోకం నమ్మకం. ఇంతమందికి టైము చూసే మనిషి, తను సొంతంగా పరుగెడితే ఎంతలో వస్తాడో చూద్దామన్న ఆలోచన పదకొండేళ్లలో ఒక్కరికీ రాలేదు. దాక్కోవడానికి చివరివాడి వెనక కన్నా మంచి చోటు ఆ ప్రాంగణం మొత్తంలో లేదు. కాకపోతే చివరివాడు నెమ్మదిగా ఉండాలి. ఎంత నెమ్మదైతే మాస్టారికి అంత క్షేమం.

ఆ చివరివాడు స్టోర్సు గుమాస్తా. అతనూ సిపాయే. కాకపోతే తుపాకీ కన్నా పెన్నుతోనే ఎక్కువ స్నేహం. బూట్లూ దుప్పట్లూ ఇచ్చే కౌంటరు వెనక కూర్చుని కూర్చుని నడుం చుట్టూ ఓ వరస కండ పెరిగింది. అందరూ పీపా అనేవారు. అతనూ పలికేవాడు. మంచివాడు, నవ్వుమొహం, ఇద్దరు పిల్లలు. వాళ్ల వయసువాళ్లకి ఐదు కిలోమీటర్లు ముప్పై నిమిషాల్లో రావాలి. కిందటేడు ముప్పై రెండు నిమిషాలు పట్టి తప్పాడు. మూడోసారీ తప్పినవాణ్ని సర్వీసు నుంచి ఇంటికి పంపేస్తారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి, పిల్లల బడి మారాలి, ఈ వయసులో ఇంకో పని వెతుక్కోవాలి. కిందటేడు పోగా మిగిలినవి రెండు అవకాశాలు. అందులో ఒకటి ఆరు నెలల కిందట పోయింది.

అది ఎలా పోయిందో మాస్టారికి ఒక్కడికే తెలుసు. ఆ రోజు గుమాస్తా బానే పరుగెత్తాడు. నాలుగో కిలోమీటరు దాటేసరికి టైము చేతిలోనే ఉంది. ఇంకాస్త ఊపు పెంచితే చాలు. వెనక మాస్టారికి ఛాతీలో పిడికిలి బిగుసుకుంటోంది. దవడ లాగేస్తోంది. గుమాస్తా ఊపు పెంచితే తను వెనకబడిపోతాడు. అందరి ముందూ బయటపడిపోతాడు. భయం ఆయన నోటితో మాట్లాడింది.

"తొందరపడకు! పడిపోతావు. నిదానం, నిదానం."

మాస్టారి మాటంటే గుమాస్తాకి వేదం. నిదానించాడు. ముప్పై నిమిషాల పదిహేను సెకన్లకి గీత దాటాడు. పదిహేను సెకన్లు! ఆ తరవాత గడ్డిలో కూలబడి, వగరుస్తూ, కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "మీరు వెనక లేకపోతే మధ్యలోనే పడిపోయేవాణ్ని మాస్టారూ. మీ రుణం తీర్చుకోలేను."

మాస్టారు మొహం పక్కకి తిప్పుకుని లేసు కట్టుకున్నాడు. మీకు ఆయన మీద కోపం రావచ్చు, రావాలి కూడా. ఆయనకీ తనమీద వచ్చింది. కానీ ఆ కోపం సాయంత్రానికల్లా చల్లారింది, భయం మాత్రం చల్లారలేదు.

మళ్లీ పరీక్ష ఇంకో మూడు వారాలుందనగా మాస్టారు స్టోర్సుకి ఈల తాడు మార్పించుకోవడానికి వెళ్లాడు. కొత్త తోలు వాసనా, కలరా ఉండల వాసనా కలిసిపోయిన గది అది. పైకప్పు దాకా బూట్ల అట్టపెట్టెలు. వాటి మధ్య నుంచి గుమాస్తా అటూ ఇటూ చూసి కౌంటరు మీదికి వంగాడు.

"మాస్టారూ, ఓ సంగతి చూపిస్తా. ఎవరితోనూ అనకండి."

చొక్కా పైకెత్తి బెల్టు చూపించాడు. పాత చిల్లుల పక్కన మేకుతో పొడిచిన కొత్త చిల్లులు రెండున్నాయి. పీపా అనడానికి వీల్లేనంతగా నడుం లోపలికి పోయింది.

"మూడు నెలల్నించి తెల్లారకముందే పంపు హౌసు దాకా పరుగెత్తి వస్తున్నా. నిన్న ఎంతలో వచ్చానో తెలుసా? ఇరవై తొమ్మిది పది!"

"ఎవరు చూశారు టైము?" మాస్టారి గొంతు ఆయనకే పరాయిగా వినబడింది.

"మా ఆవిడ. వెనకాల సైకిలు మీద వస్తుంది. ఒంటరిగా పరుగెత్తకూడదు కదా, మీరు చెప్పిందేగా!"

ఆ రెండు చిల్లుల్ని చూసి మాస్టారికి భయమేసింది. తోటివాడు బాగుపడితే భయపడే రోజు వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఇరవై తొమ్మిది పది అంటే తను వెనక అందుకోలేడు. ఈసారి దాక్కోవడానికి చోటే ఉండదు.

"అంత దూకుడు పనికిరాదయ్యా. మోకాళ్లు పోతాయి. నేను చెప్పేదాకా వేగం పెంచకు" అన్నాడు.

గుమాస్తా నవ్వు వాడిపోయింది. చొక్కా కిందికి దించుకుని, "మీరెలా అంటే అలాగే మాస్టారూ" అన్నాడు. ఈల తాడు తీసుకోవడం మరిచిపోయి మాస్టారు బయటికొచ్చేశాడు.

పరీక్ష ముందురోజు మెడికల్ రూములో డాక్టరమ్మ ఆయన చేతికీ కాయితం ఇచ్చింది. పటాలానికి కొత్తగా వచ్చిన అమ్మాయి. వయసులో చిన్నది, ఈయనంటే కాస్త బెరుకు. నాడి పట్టుకుని, "కొంచెం వేగంగా ఉందే మాస్టారూ?" అంది.

"ఇప్పుడే కుర్రాళ్లతో దూకి వచ్చాను మేడమ్."

"నలభై దాటినవాళ్లందరినీ పెద్దాసుపత్రికెళ్లి గుండె పరీక్ష చేయించుకు రమ్మన్నాను. మీ రిపోర్టు ఇంకా రాలేదు."

"ఈ పరుగు అవగానే వెళ్తాను."

"పరుగుకి ముందు చేయించుకోవాలనే కదండీ అది" అని ఆగింది. గదిలో ఉన్న ఇరవైమంది సిపాయిలూ మాస్టారినే చూస్తున్నారు. ఆయన నవ్వాడు. వాళ్లూ నవ్వారు. ఆ నవ్వుల్లో ఆవిడ మాట మునిగిపోయింది. "సరే, రేపు గీత దగ్గర బండేసుకుని నేనూ ఉంటాను" అంది చివరికి. మాస్టారు పెన్ను తీసుకున్నాడు. ఛాతీలో నొప్పి ఉందా అన్నచోట పెన్ను ఆగింది. తొమ్మిదీ లేదు.

మర్నాడు ఆయన పుట్టినరోజుకి ఇంకా రెండు రోజులుంది. నలభై నాలుగు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. తెల్లారి తయారై చూస్తే లేసుల బూట్లు నీళ్లోడుతూ బాల్కనీలో వేలాడుతున్నాయి.

"నిన్న బురదగా ఉన్నాయని ఉతికాను" అంది భార్య. మొహంలోకి సూటిగా చూస్తూ అంది. "మంచం కిందవి వేసుకోండి, లేకపోతే వెళ్లకండి."

"వెళ్లకపోతే ఎలా?"

"ఎలాగో నాకు తెలీదండీ. నాకు భయమేస్తోంది." అంతే అంది. గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకూ భయమేస్తోందే అని ఒక్క మాట అనుంటే ఈ కథ అక్కడే ఇంకోలా తిరిగేది. ఆయన మంచం కింద నుంచి లేసుల్లేని బూట్లు లాగి తొడుక్కున్నాడు.

గ్రౌండులో అరవైమంది వరసగా నిలబడ్డారు. గీత పక్కన డాక్టరమ్మ, తెల్ల బండి. దారి అందరికీ తెలిసిందే. గేటు దాటి, ప్రహరీ వెంబడి పంపు హౌసు దాకా వెళ్లి, తుపాకీ గురి నేర్పే మట్టికట్ట వెనక నుంచి చుట్టి మళ్లీ గ్రౌండుకి రావాలి. మట్టికట్ట వెనక ఉన్నంతసేపు గ్రౌండులో వాళ్లకి ఎవరూ కనబడరు. పరుగు మొదలయ్యే ముందు గుమాస్తా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు.

"కోప్పడకండి మాస్టారూ. ఇవాళ మీ మాట వినను. మా ఆవిడ ఒట్టు పెట్టించుకుంది."

ఈల ఊదారు. స్టాప్ వాచీ నొక్కి మాస్టారు ఎప్పట్లాగే చివరివాడి వెనక బయల్దేరాడు. మొదటి కిలోమీటరు బానే జరిగింది. రెండోది పంటి బిగువున లాగించాడు. పంపు హౌసు దగ్గర పిడికిలి మెల్లగా వేళ్లు ముడుచుకోవడం మొదలుపెట్టింది. ముందు గుమాస్తా వీపు ఊగుతూ పోతోంది. ఆ వీపుకీ తనకీ మధ్య రెండు గజాల దూరం నాలుగైంది, పది అయింది. ఒళ్లు అబద్ధాలకోరు, ఒళ్లు అబద్ధాలకోరు అని మాస్టారు లోపల జపంలా అనుకుంటున్నాడు. అడుగు అడుగుకీ నాన్న కనబడుతున్నాడు, లారీ పక్కన, భుజం నిమురుకుంటూ. చెమట చల్లగా పట్టింది. మట్టికట్ట మలుపు తిరిగేసరికి దవడ బిగుసుకుపోయి నోరు తెరవడమే కష్టమైంది. ఎడమ చెయ్యి బరువెక్కింది. ఆగాడు. ఆగితే బయటపడిపోతానన్న భయం కన్నా ఇంకో అడుగేస్తే పోతానన్న భయం పెద్దదైంది. ఎనిమిది నెలల్లో అలా కావడం అదే మొదటిసారి.

ముందు పోతున్న గుమాస్తాకి ఏదో తేడాగా అనిపించింది. ఏళ్ల తరబడి వీపు వెనక వినబడే అడుగుల చప్పుడు లేదు. వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా దారి మధ్యలో మాస్టారు ఒక మోకాలి మీద వంగి, తల దించుకుని బూటు పట్టుకుని ఉన్నాడు.

గుమాస్తా ఒక్క క్షణం తటపటాయించాడు. అతని బతుకంతా గ్రౌండు వైపు ఉంది. తిట్టుకుంటూ వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ! లేసులా?"

"ఆ... లేసు... నువ్వు పో."

గుమాస్తా కిందికి చూశాడు. ఆ బూట్లకి లేసులు లేవు. మాస్టారి వేళ్లు లేని లేసుని ముడి వేస్తున్నాయి.

మాస్టారి మొహంలో రక్తం లేదు. "ఏమైంది మాస్టారూ? మాట్లాడండి. నన్ను పట్టుకోండి. నేను వెనకుంటా, మీరు ముందు నడవండి. చివరివాణ్ని వదిలెయ్యకూడదు కదా" అంటూ చంకల కింద చేతులేసి లేవదియ్యబోయాడు. ఒకటే ఏడుపు గొంతు.

మాస్టారు స్టాప్ వాచీ చూశాడు. ఇరవై ఆరు నిమిషాల పది సెకన్లు. ఇంకా ఎనిమిది వందల మీటర్లుంది. ఈ గుమాస్తా మామూలు పరుగుకి నాలుగున్నర నిమిషాలు పడుతుంది. ఉన్నవి నాలుగు నిమిషాలు కూడా కావు. తనని మోసుకుంటూ వస్తే ఇద్దరూ అయిపోతారు. ఒకడు ఇక్కడ, ఒకడు అక్కడ. ఆరు నెలల కిందట ఇదే చోట "నిదానం" అని తను అన్న మాట చెవుల్లో వినబడింది.

"నడవలేను." ఈ మాట ఆయన పెదాల మీదికి రావడం జన్మలో అదే మొదలు. "గుండె నొప్పి. విను. బండి గీత దగ్గరుంది. డాక్టరమ్మని తీసుకురా. పరుగెత్తు."

"మిమ్మల్ని ఒక్కర్నీ ఇక్కడ—"

"నువ్వెంత వేగంగా పోతే నేనంత బతుకుతా. నిదానం అన్నానా, ఇప్పుడు చెబుతున్నా, నిదానం లేదు. నాకు చావాలంటే భయంగా ఉందయ్యా! పరుగెత్తు!"

గుమాస్తా పరుగెత్తాడు. అదేం పరుగో! చేతులు విసురుకుంటూ, ఏడుస్తూ, మట్టికట్ట మలుపులో మాయమైపోయాడు.

మాస్టారు దారి పక్కన గడ్డిలో ఒరిగాడు. ఆకాశం చాలా ఎత్తులో ఉంది. అడుగుల చప్పుడు వినబడినంతసేపు లెక్కపెట్టాడు. తరవాత అదీ లేదు. ఒక్కడే ఉన్నాడు. నాన్న పక్కన ఆ రోజు కనీసం తనున్నాడు. ఇక్కడ ఎవరూ లేరు. పిడికిలి బిగుసుకుంటూనే ఉంది. అమ్మా అన్నాడు. భార్యని పిలిచాడు. వంటింట్లోకి వెళ్లిపోయిన ఆవిడ వీపే గుర్తొచ్చింది, ఆ మాట చెప్పకుండా వచ్చేసినందుకు ఏడుపొచ్చింది. చేతిలో వాచీ టిక్కుటిక్కుమంటోంది. దాన్ని పట్టుకునే ఉన్నాడు. బండి సైరను మోగితే గుమాస్తా గీత దాటినట్టు. ఇక వినబడాల్సింది అదొక్కటే.

గాలి తప్ప ఏమీ వినబడలేదు. చాలాసేపు ఏమీ వినబడలేదు. పడిపోయాడేమో గుమాస్తా. తను పోతే పోయాడు, వాడూ పోతాడేమో.

దూరంగా సైరను మోగింది. మాస్టారు బొటనవేలితో వాచీ నొక్కాడు. చూడాలంటే భయమేసింది. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఇరవై తొమ్మిది, యాభై ఆరు.

బండి వచ్చింది. డాక్టరమ్మ దూకి, నాలుక కింద మాత్ర పెట్టి, చొక్కా గుండీలు తెంపేసి, మొహానికి గాలి గొట్టం తగిలించబోయింది. మాస్టారు ఆవిడ చేతిలో వాచీ పెట్టాడు. "ముందు ఇది రాయండి. గుమాస్తా టైము. పాసు" అన్నాడు.

"అక్కడ రాసే ఉంటారు, మీరు మాట్లాడకండి" అని ఆవిడ స్ట్రెచరు ఎక్కించింది. "నొప్పి ఎప్పుడు మొదలైంది? నిజం చెప్పాలి."

బండి తలుపు దగ్గర, దాంతోపాటే వచ్చిన గుమాస్తా నిలబడి ఉన్నాడు. ఇంకా వగరుస్తున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మాస్టారు అతన్ని చూశాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటు కదా. మింగేశాడు.

"ఎనిమిది నెలల కిందట."

"ఎనిమిది నెలలా!" అంది డాక్టరమ్మ.

 స్టోర్సులో ఏ దుప్పటి ఏ నెలలో ఇచ్చాడో నోటికి చెప్పే మనిషి గుమాస్తా. మనసులో నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. ఆగాయి.

"అంటే పోయినసారి... నన్ను నిదానం అన్నది..."

"అవును" అన్నాడు మాస్టారు. "నాకోసమే."

గుమాస్తా మొహం గట్టిపడింది. గడ్డిలో ఒంటరిగా పడుకున్నప్పుడు కూడా మాస్టారికి అంత భయం వెయ్యలేదు. తిడితే బాగుండుననిపించింది. అతను తిట్టలేదు. బండి డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇక్కడ చోటు లేదు, గుమాస్తా, నువ్వు నడిచి రా" అని కేకేశాడు.

"ఎక్కుతాను" అన్నాడు గుమాస్తా కటువుగా. మాస్టారి మొహంలోకి చూడకుండానే లోపలికి ఎక్కి, స్ట్రెచరు చివర కాళ్ల దగ్గర ఇరుక్కుని కూర్చున్నాడు. "చివరివాడు ఈయనే. వెనక ఎవరో ఒకరు ఉండాలి. పోనివ్వు."

తలుపు వేశారు. బండి కదిలింది. మాస్టారికి ఇంకా భయంగానే ఉంది, కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుస్తానో లేదో అని తెరిచే ఉంచాడు. బండి కుదిపినప్పుడల్లా జారిపోకుండా గుమాస్తా ఆయన బూటుని పట్టుకుని ఉన్నాడు.